సముద్రంలో ఆరు జంతువులు

హాజరు పట్టీలో ఉన్న పేరు హాజరు పట్టీలోనే ఉండిపోయింది. ఆ పెద్ద గ్రంథాలయంలో పాత పటాల గది మొదలుకొని కింద సైకిళ్ల షెడ్డు దాకా ఆయన్ని అందరూ జిగురు మాస్టారనే పిలిచేవారు. గోధుమపిండిని నానేసి, పలచటి గుడ్డలో వడగట్టి, చిన్న మంట మీద గరిటె ఆపకుండా నలభై నిమిషాలు కలిపి జిగురు కాచడం ఆయన రోజూ పొద్దున్నే చేసే మొదటి పని. ఆ నలభై నిమిషాల్లో పొరపాటున తలుపు తట్టినవాడికి మాస్టారి నోరు ఎంత మంచిదో తెలిసొచ్చేది. ఉండకట్టిన జిగురూ తొందరపడే మనిషీ, ఈ రెండూ కాగితానికి శత్రువులని ఆయన సిద్ధాంతం. ఇంట్లో మాత్రం పాలు పొంగి పొయ్యి ఆరిపోతున్నా కుర్చీలోంచి కదలడని ఆయన భార్య చెప్పేది. ఆవిడ మాట నమ్మొచ్చు, ఆ పొయ్యి తుడిచేది ఆవిడే.

తండ్రి పుస్తకాలకు అట్టలు కుట్టే మనిషి. సూదీ దారం, కుంచే కత్తీ ఇంట్లోనే అలవాటయ్యాయి. గ్రంథాలయంలో చేరి ముప్పై ఏళ్లు. చిరిగినవీ, పురుగు తిన్నవీ, మడతల దగ్గర విరిగిపోయినవీ ఎన్ని వందల పటాలు ఆయన చేతుల మీదుగా లేచి కూర్చున్నాయో చెప్పడం కష్టం. "ముప్పై ఏళ్లలో ఒక్క కాగితం పాడుచెయ్యలేదు" అని వారానికోసారి అనేవాడు, ఎవరూ అడక్కపోయినా సరే. వినీ వినీ అటెండర్లకు అది కంఠతా వచ్చేసింది. ఆయన నోరు తెరవగానే వాళ్లలో ఒకడు మిగతాది పూర్తిచేసేవాడు. మాస్టారు దానికి కూడా మురిసిపోయేవాడు.

ఊళ్లూ నదులూ ఆయనకు పెద్దగా పట్టేవి కావు. పటాల మీద ఆయనకు ఇష్టమైనవి సముద్రంలో జంతువులు. పంది మొహం పెట్టుకున్న చేప, రెక్కలున్న తాబేలు, నెత్తి మీద రెండు గొట్టాలతో నీళ్లు చిమ్మే తిమింగలం, వెనక సగం చేపైన ఎద్దు. గీసినవాడు సముద్రం మొహం చూసి ఉండడనీ, పెరట్లో గొడ్డునే తోక మార్చి నీళ్లలోకి తోసి ఉంటాడనీ ఆయన నవ్వుకునేవాడు. నేల మీద గీత గీస్తే అది నాదంటే నాదని తన్నుకుంటారు, నీళ్లలో ఈ పిచ్చి జంతువులు మాత్రం ఎవరి జోలికీ పోకుండా హాయిగా ఉన్నాయి అనేవాడు.

అయితే ఆఫీసుకు వాటితో పని లేదు. ప్రతి పటానికీ స్థితి పత్రమని ఒక కాగితం ఉండేది. తీరరేఖ ఎలా ఉంది, నదుల పేర్లు చదవడానికి వస్తున్నాయా, దిక్కుల గుర్తు ఉందా, చిల్లులు ఎన్ని, మరకలు ఎక్కడ, ఒక్కోదానికీ ఒక్కో గడి. జంతువులకు గడి లేదు. పేజీ అడుగున 'అలంకారాలు' అని ఒక చిన్న ఖాళీ ఉండేది, అందులో ఒక అంకె పడుతుంది. ఎంత భయంకరమైన రాక్షసి చేపైనా అక్కడ ఒకటి కింద లెక్క. ఆ పత్రాన్ని పటం నీళ్లు తాకక ముందే నింపాలన్నది రూలు. నీళ్లలోంచి తీశాక ఆరే దాకా చేతులు ఖాళీగా ఉంటాయి కనక అప్పుడు నింపడం వాడుక. రూలు గోడ మీదా వాడుక బల్ల మీదా ఉండి, రెండూ ఏనాడూ తగాదా పడలేదు.

ఇలా ఉండగా ఒక రోజు, స్కూల్లో నలభై ఏళ్లు భూగోళం చెప్పి రిటైరైన ఒక టీచరమ్మ పాత దుప్పటిలో చుట్టిన పొడుగాటి రేకు గొట్టం ఒకటి చంకన పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఆయాసపడను కూడా లేదు. వాళ్ల తాతగారు ఓడ మీద గుమస్తాగా పనిచేసేటప్పుడు ఎవరో ఇచ్చిన సముద్ర పటమట. పుట్టింట్లో అటక మీద ఉండేది. అన్నగారు పోయాక గొట్టం ఆవిడకు చేరింది. ఆవిడ దాన్ని ఇంట్లో విప్పను కూడా విప్పలేదు. విప్పితే విరుగుతుందని తెలిసిన మనిషి కనక నెల తిరక్కుండానే తెచ్చి ఇచ్చేసింది. వెళ్తూ వెళ్తూ మాస్టారితో, ఊళ్ల సంగతి ఎలా ఉన్నా సముద్రం జాగ్రత్త నాయనా అని చెప్పింది. సముద్రం జాగ్రత్తగా చూడమన్న మొదటి మనిషి ఆవిడే. మాస్టారికి ఆవిడ తెగ నచ్చింది.

పటం వెనక ఎవరో ఎప్పుడో అంటించిన ముతక గుడ్డ పాతబడి, ఆమ్లం పుట్టి కాగితాన్ని తినేస్తోంది. అది ఊడాలంటే నీళ్లలో నానబెట్టక తప్పదు. నానబెట్టే ముందు ప్రతి రంగు మీదా ఒక నీటి చుక్క వేసి, కాసేపాగి, బ్లాటింగ్ పేపరు అద్ది చూడాలి. రంగు పేపరుకి అంటకపోతే నిలుస్తుందని అర్థం. మాస్టారు తీరం గోధుమరంగు చూశాడు, ఊళ్ల ఎరుపు చూశాడు, కొండల ఆకుపచ్చ చూశాడు, ఓడ జెండా నీలం చూశాడు. తిమింగలం వీపు మీద కూడా ఒక చుక్క వేశాడు. అన్నీ నిలిచాయి. జంతువులన్నీ ఒకే చెయ్యి గీసినవే కదా అనుకున్నాడు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి ఒక్క మెతుకు చాలు.

ఎడమ వైపు కింది మూల, సముద్రం బాగా ఖాళీగా ఉన్నచోట, చిన్న జంతువు ఒకటుంది. మిగతావాటికి పొలుసులూ చేప తోకలూ ఉన్నాయి, దీనికి నాలుగు కాళ్లున్నాయి. చెవులు పెద్దవి, మెడ లేదు, తోక చీపురుకట్టలా ఉంది. పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతోంది. నువ్వెక్కణ్ణుంచి ఊడిపడ్డావే అని మాస్టారు దాన్ని పలకరించాడు కూడా. దాని మీద చుక్క వెయ్యలేదు. పటాన్ని తొట్టిలోకి దించి, జిగురు అడుగంటుతుందేమోనని పొయ్యి దగ్గరకు వెళ్లాడు.

తిరిగి వచ్చేసరికి ఆ మూల నుంచి నీలం పొగలాంటిది నీళ్లలోకి లేస్తోంది. కాగితాన్ని ఎత్తబోయి ఆగాడు, తడిసిన కాగితాన్ని తొందరపడి ఎత్తితే నిలువునా చిరుగుతుంది. కాగితం కింద సన్నటి వల పట్టి నెమ్మదిగా లేపాడు. అప్పటికి చెవులు పోయాయి. నవ్వు కాసేపుండి అదీ పోయింది. మిగతా ఆరూ చెక్కుచెదరలేదు. తొట్టిలో నీళ్లు లేత నీలంగా ఉన్నాయి. గదిలో ఇంకెవరూ లేరు. మాస్టారు తొట్టి అడుగున బిరడా తీసి ఆ నీళ్లు పోయేదాకా అక్కడే నిలబడ్డాడు.

పటం ఆరుతుండగా స్థితి పత్రం ముందేసుకుని కూర్చున్నాడు. 'ఏడు, ఉతుకులో ఒకటి పోయింది' అని రాయాలి. రాస్తే సంజాయిషీ అడుగుతారు. సంజాయిషీ కన్నా ముందు, ఒక్క కాగితం పాడుచెయ్యలేదన్న మాట ఇక అనడానికి ఉండదు. కలం మొన పేజీ అడుగున ఆ చిన్న ఖాళీ మీద ఆగింది. తర్వాత 6 వేశాడు. ఒక అంకె వెయ్యడానికి ఎంతసేపు పడుతుంది. ఆ తర్వాత వారం రోజులు మాస్టారు ఎవరూ అడక్కపోయినా చెప్పే ఆ మాట చెప్పలేదు. జలుబు చేసిందేమో అనుకున్నారు అటెండర్లు.

ఏడాది గడిచింది. పటాన్ని అద్దాల చట్రంలో బిగించి పెద్ద హాల్లో వేలాడదీశారు. టీచరమ్మను చూడ్డానికి రమ్మని పిలిచారు. కొడుకు వెంట వచ్చింది, కానీ మెట్లు ఆవిడే ముందెక్కింది. ఆ కొడుకు బస్సు డిపోలో టైం టేబుళ్లు వేసే ఉద్యోగి. ఏ పని ఏ నిమిషానికి మొదలై ఏ నిమిషానికి అవుతుందో గడులు గీసి చూస్తే తప్ప నిద్రపట్టని మనిషి, తల్లంటే ప్రాణం. అంతకు పదిహేను రోజుల ముందు ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయి పక్కింటికి కబుర్లకు వెళ్లింది. అందరిళ్లలోనూ జరిగేదే. కొడుకు మనసులో మాత్రం ఆ పాలు ఇంకా మాడుతూనే ఉన్నాయి.

ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని అద్దానికి దగ్గరగా జరిగి, వేలితో ఒక్కోటీ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. ఏడోది ఏదని అడిగింది. పటాల విభాగం అధికారి మర్యాదస్తుడు, నవ్వుతూ స్థితి పత్రం తెప్పించాడు. అందులో ఆరే ఉంది. ఆవిడ ఒప్పుకోలేదు, ఆ మూల ఒకటుండాలంది. సరే, బాగుచేసిన మనిషినే అడుగుదామని మాస్టారికి కబురు పంపారు. చేతులకు జిగురుతోనే వచ్చాడాయన.

"నాయనా, నువ్వే కదూ దీన్ని చూసింది," అందావిడ. "ఈ మూల చెవులదొకటి ఉండేది. నీకు గుర్తుండే ఉంటుంది."

మాస్టారు పటం వైపు చూశాడు. అధికారి వైపు చూశాడు. చేతిలో పత్రం, పత్రంలో తన సంతకం.

"లేదమ్మా," అన్నాడు. "వచ్చినప్పుడే ఆరు."

గట్టిగా కూడా అనలేదు, మామూలుగా అన్నాడు. ఆవిడ ఆ ఖాళీ మూలకేసి చాలాసేపు చూసి, అయితే నేనే పొరబడ్డానేమో అంది. కొడుకు వచ్చి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. ఎక్కేటప్పుడు ఒంటరిగా ఎక్కిన మెట్లు, దిగేటప్పుడు పట్టుకుని దింపాడు. మాస్టారు పైన రెయిలింగు దగ్గర నిలబడి అదంతా చూశాడు. గొంతు విప్పి ఒక్క కేక వేస్తే ఆగి ఉండేవాళ్లు. వెయ్యలేదు.

ఇక దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయన పని. కుట్టింది ఎక్కడో చెప్పుకోడానికి లేదు, నొప్పి తగ్గడానికి లేదు. టీచరమ్మ కోడలు నెలనెలా మొదటి శనివారం పత్రికలు మార్చుకోడానికి గ్రంథాలయానికి వచ్చేది. మంచి మనిషి, మనసులో ఏదీ దాచుకోదు. కింద మంచినీళ్ల కుండీ దగ్గర కనిపించినప్పుడల్లా మాస్టారికి అత్తగారి సంగతులు చెప్పేది. ఆయన ఆ శనివారాలు సెలవు పెట్టి తప్పించుకోవచ్చు. కానీ పదిన్నరకల్లా గ్లాసు పట్టుకుని కుండీ దగ్గర ప్రత్యక్షమయ్యేవాడు.

అలా ఏడాదికి పైగా ఒక్కొక్కటే తెలిశాయి. అత్తగారిని డాక్టరుకు చూపించారట. పొయ్యి వెలిగించే లైటరు సాయంత్రాలు తీసి దాచేస్తున్నారట. సందు చివరి పిల్లలు లెక్కలకూ భూగోళానికీ వచ్చేవాళ్లు, వాళ్లను రావద్దన్నారట, తప్పు చెబితే బాగోదని. ఎన్ని చెప్పినా ఆ ఏడో జంతువు సంగతి మాత్రం ఆవిడ వదలడం లేదట. పైగా రోజురోజుకూ కథ పెరుగుతోంది. అది తను గీసిందేనంటోంది. తొమ్మిదేళ్లప్పుడు, సముద్రం ఆ మూల మరీ బోసిగా ఉందని, నాన్నగారి సిరాబుడ్డి తీసి తనే గీసిందట, నేరం అన్నగారి మీద పడి ఆయన దెబ్బలు తిన్నాడట, ఇన్నేళ్లూ తను నోరు విప్పలేదట.

"ఖాళీ వచ్చినచోట మనసు ఏదో ఒకటి అల్లుకుని పెట్టుకుంటుందని డాక్టరుగారు చెప్పారండి," అంది కోడలు. "ఆవిడ అబద్ధమాడుతోందని కాదు. పాపం, నిజమనే అనుకుంటోంది."

మాస్టారికి వినిపించింది ఒక్క మాటే. సిరా. ఉత్తరాలు రాసుకునే మామూలు నీటి సిరా. ఆరు జంతువులూ నిలిచి అదొక్కటే ఎందుకు కరిగిందో అప్పుడు తెలిసింది ఆయనకు. తెలిసినందుకు మొదట ఏమనిపించిందో చెబితే మాస్టారి మీద గౌరవం తగ్గుతుంది గానీ, దాచడం ఎందుకు, ఊరట అనిపించింది. పటం గీసినవాడి పని కాదు, చిన్నపిల్ల పిచ్చిగీత, పోతే పోయింది, తన చెయ్యి మంచిదే. ఆ ఊరట పై మెట్టు చేరేదాకా కూడా నిలవలేదు. గీత సంగతి సరే, ఆరని చెప్పిన నోటి సంగతేమిటి?

ఆ తర్వాత ఆయనకు చాదస్తం పట్టుకుంది. అచ్చు కాగితాల మీద కూడా చుక్కలు వేసి చూడ్డం మొదలుపెట్టాడు. ఒక రోజు ఇంట్లో గోడ క్యాలెండరు మీద నీటి చుక్క వేసి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. భార్య చూసింది. ఆవిడ ఆస్పత్రి మందుల కౌంటరులో పనిచేసి వచ్చిన మనిషి, ముప్పై ఏళ్లుగా ఎదుటివాళ్ల మొహం చూసి ఏ మందు మింగలేదో చెప్పగలదు. కూర్చోబెట్టి అడిగింది. ఆయన మొత్తం కక్కేశాడు. తొట్టి దగ్గర్నుంచి మెట్ల దాకా.

ఆవిడ లేచింది. కంచాలు తీసి, బల్ల తుడిచి, వచ్చి ఎదురుగా కూర్చుంది.

"మీకు ముప్పై ఏళ్ల మంచిపేరు ఉండాలని, ఆవిడకి మతిపోయిందన్న పేరు రావాలా?" అంది. "మందుల చీటీలో తప్పుంటే చీటీ దిద్దుతాం మేము. మనిషిని దిద్దుతారుటండీ ఎక్కడైనా?"

చెప్తానన్నాడు. రేపే చెప్తానన్నాడు. ఆ రేపు రావడానికి నాలుగు నెలలు పట్టింది. అధికారి ఊళ్లో లేడు. ఉన్నప్పుడు చికాకుగా ఉన్నాడు. చికాకుగా లేనప్పుడు పక్కన ఎవరో ఉన్నారు. సాకు వెతుక్కునేవాడికి సాకుల కొరతా? భార్య ఒకసారి అడిగింది, రెండోసారి అడిగింది, మూడోసారి నుంచి అడగడం మానేసి ఆయన వైపు చూడ్డం మొదలుపెట్టింది. అడగడమే నయం.

చివరికి ఆయన్ని కదిలించింది సంతోషవార్త. ఒక శనివారం కోడలు నవ్వుతూ వచ్చింది. అత్తగారికి బాగా నయమైందని చెప్పింది. ప్రతి ఆదివారం పొద్దున కొడుకు ఆవిడకు పది ప్రశ్నలు వేస్తాడట, డాక్టరు చెయ్యమన్నదే. ఇవాళ తేదీ ఎంత, మనవరాలు ఏ క్లాసు, అలాంటివి. గడులు గీసిన పుస్తకంలో ఒప్పైతే టిక్కు, తప్పైతే ఇంటూ. అందులో తొమ్మిదో ప్రశ్న, పటంలో సముద్రంలో జంతువులెన్ని అని. నెలల తరబడి ఆవిడ ఏడనే చెప్పింది, నెలల తరబడి ఇంటూనే పడింది. మొన్న నాలుగు ఆదివారాల నుంచీ ఆరంటోందట.

"ఇప్పుడు ఠక్కున చెప్పేస్తోందండి," అంది కోడలు. "మాకు ఎంత ధైర్యం వచ్చిందో."

మాస్టారు గ్లాసు కుండీ మీద పెట్టి, మెట్లెక్కి, తలుపు తట్టకుండా అధికారి గదిలోకి వెళ్లాడు. నిలబడే చెప్పాడు. అధికారి ముందు నమ్మలేదు, తర్వాత కూర్చోమన్నాడు, ఆ తర్వాత కొంచెం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు కూడా. ఆవిడ చిన్నప్పుడు గీసిన గీతే అయితే అది అసలు పటంలో భాగమే కాదనీ, ఆ లెక్కన మాస్టారు చేసింది శుభ్రం చెయ్యడమేననీ, ఇప్పుడు కాగితాలు కెలకడం దేనికనీ నచ్చజెప్పబోయాడు.

"గీత పోయినందుకు కాదు సార్," అన్నాడు మాస్టారు. "ఆవిడ అడిగితే లేదన్నాను."

బీరువాలోంచి స్థితి పత్రం తీసి 6 కొట్టేసి 7 వేశాడు. కింద జరిగినదంతా నాలుగు వాక్యాల్లో రాసి, తేదీ వేసి, సంతకం చేశాడు. అధికారికి ఇక తప్పలేదు, సంజాయిషీ అడిగాడు. విచారణ అయ్యేదాకా తొట్టి ముట్టుకోవద్దన్నాడు. మూడేళ్లు ఏ పిడుగు పడుతుందని భయపడ్డాడో ఆ పిడుగు ఇంతే. దీనికోసమా ఆ మనిషిని అలా చేశాను అనుకున్నాడు మాస్టారు, అనుకుంటే సిగ్గుతో చెవులు వేడెక్కాయి. పత్రానికి నకలు తీయించుకుని, మర్నాడు ఆదివారం పొద్దున్నే టీచరమ్మ ఇంటికి బయల్దేరాడు.

రెండో అంతస్తులో ముందు గది. తలుపు పక్కన స్విచ్చుల మీద చిన్న చిన్న చీటీలు అంటించి ఉన్నాయి: లైటు, ఫ్యాను, గంట. గుండ్రటి అక్షరాలు, కొడుకు చేతిరాత. కిటికీ పక్క కుర్చీలో టీచరమ్మ కూర్చుని ఉంది. జుట్టు చక్కగా దువ్వి ఉంది, చీర మడతలు సరిగా ఉన్నాయి. ఎదురుగా కొడుకు ఒళ్లో గడుల పుస్తకంతో కూర్చున్నాడు. కోడలు కాఫీ తెస్తానని లోపలికి వెళ్లింది.

మాస్టారు కూర్చోలేదు. దారంతా కూడబలుక్కున్న ముక్కలు ఒక్కటీ గుర్తు రాలేదు. అమ్మా, ఆ మూల జంతువు ఉండేది, నేను నీళ్లలో పోగొట్టాను, మీరడిగితే లేదని అబద్ధం చెప్పాను, అన్నాడు. పత్రం తీసి ఆవిడ చేతికివ్వబోయాడు. ఆవిడ అందుకోలేదు. కొడుకు వైపు చూసింది.

"లేదు బాబూ," అంది మర్యాదగా. "ఆరే. నేనే ఇదివరకు పొరబడేదాన్ని. ఇప్పుడు ఆ పొరపాటు రావడం లేదు."

"పొరపాటు మీది కాదమ్మా. ఉంది. నా కళ్లతో చూశాను."

"ఆరు," అందావిడ మళ్లీ, ఈసారి కొంచెం గట్టిగా, కొడుక్కి వినిపించేలా.

తనను పరీక్షించడానికి పంపిన మనిషని ఆవిడ అనుకుంటోందని మాస్టారికి అర్థమైంది. ఆ గదిలో నిజం చెప్పడానికి తను ఆలస్యంగా వచ్చాడు. కొడుకు లేచి పత్రం తీసుకున్నాడు. ఒకసారి చదివాడు. కిటికీ వెలుతురులో పట్టుకుని ఇంకోసారి చదివాడు. తర్వాత గడుల పుస్తకం తెరిచి మొదటి పేజీ నుంచీ తొమ్మిదో వరుస మీద వేలు జరుపుకుంటూ పోయాడు. ప్రతి ఇంటూ దగ్గరా వేలు ఆగింది.

"ఇవన్నీ నేను వేశాను," అన్నాడు చివరికి. మాస్టారితో అన్నాడో, తనలో తను అనుకున్నాడో. ఆయన మీద అరవలేదు. అరిస్తే మాస్టారికి ప్రాణం కొంచెం తెరిపిన పడేది, ఆ మేలు కూడా చెయ్యలేదతను. వెళ్లి తల్లి కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఏడేనమ్మా," అన్నాడు. "మొదట్నుంచీ నువ్వు చెప్పిందే నిజం. మేమే తప్పు."

ఆవిడ కొడుకు మొహం చూసింది, మాస్టారి మొహం చూసింది, కొడుకు ఒళ్లో మూసి ఉన్న పుస్తకం వైపు చూసింది. ఏది చెబితే వీళ్లు నెమ్మదిస్తారో వెతుకుతున్నట్టు కాసేపు ఆలోచించింది.

"సరే అయితే, ఏడు," అంది. "డాక్టరుగారి దగ్గర కూడా ఇకనుంచి ఏడనే చెప్పాలా?"

కొడుకు తల వంచుకున్నాడు. చెప్పండమ్మా అన్నాడు మాస్టారు.

ఆవిడ సరేనన్నట్టు తలూపింది. అంతలో ఆవిడకు ఇంకో సందేహం వచ్చింది, ముందుకు వంగి గొంతు తగ్గించి అడిగింది.

"అది ఎలా ఉండేదో కూడా అడుగుతారా? అది నాకు రాదు."

మాస్టారు కుర్చీ దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు. ఆ జంతువును ఆయన కంటితో చూసింది ఒక్క నిమిషం. ఆ నిమిషం మూడేళ్లుగా రోజూ చూస్తూనే ఉన్నాడు. లోకంలో అది గుర్తున్న మనిషి ఇప్పుడు ఆయనొక్కడే మిగిలాడు.

"చెవులు పెద్దవమ్మా," అన్నాడు. "మెడ లేదు. నాలుగు కాళ్లు. తోక చీపురుకట్టలా ఉంటుంది. నవ్వుతూ ఉంటుంది. మీరే గీశారు, తొమ్మిదేళ్లప్పుడు, మీ నాన్నగారి సిరాతో."

"చెవులు పెద్దవి," అని ఆవిడ వేళ్లు మడుస్తూ అప్పజెప్పడం మొదలుపెట్టింది. "మెడ లేదు. నాలుగు కాళ్లు."

అక్కడ ఆగి, తర్వాతది అందించమన్నట్టు మాస్టారి వైపు చూసింది.